డిగ్రీ విద్యార్థులకు నాయకత్వ శిక్షణ: చేతిలో ఉన్న 40 గంటలను ఎలా వినియోగించాలి?

గోస్తనీతీరం | నవంబరు 8, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. గోదావరి పశ్చిమ డెల్టాలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. డిసెంబరులో మొదలయ్యే సెమిస్టరులో రెండో సంవత్సరం విద్యార్థులకు వృత్తి నైపుణ్యాలు, నాయకత్వం అనే అంశం మీద 40 గంటల శిక్షణ నిర్వహించే బాధ్యతను నాకు అప్పగించారు. తరగతిలో 56 మంది ఉన్నారు. ఎక్కువ మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవారే. చాలామంది ఇళ్లలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఈ పిల్లలే.

నిరుడు ఇదే శిక్షణను బయటి వక్తలను పిలిపించి మూడు రోజుల్లో ముగించాము. పిల్లలు సంతోషంగా పాల్గొన్నారు, లక్ష్యాలు రాసుకున్నారు, వేదిక మీద మాట్లాడారు. రెండు నెలల తరువాత వారే వీడ్కోలు సభ ఏర్పాటు చేసుకున్నప్పుడు వసూలైన డబ్బుకు లెక్క రాసినవారు లేరు. వంటవారికి ఒకరు 120 మందికి అని, ఇంకొకరు 180 మందికి అని చెప్పారు. మిగిలిపోయిన బాకీని చివరికి ఒక అబ్బాయి ఇంటి నుంచి తెచ్చి కట్టాడు. శిక్షణ చివరి రోజున ఉత్తమ వక్తగా బహుమతి అందుకున్నది ఆ అబ్బాయే. మాట్లాడడం నేర్పి, బాధ్యతను మోయడం నేర్పలేదన్న బాధ అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఈ 40 గంటల్లో ఏమి నేర్పితే ఐదారేళ్ల తరువాత ఒక శాఖనో, ఒక బృందాన్నో, ఒక సంస్థనో నడిపేటప్పుడు వారికి అక్కరకు వస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కాకినాడ ప్లేస్‌మెంట్స్ | నవంబరు 8, రాత్రి 10.25

గోస్తనీతీరం గారు, మీ ఆవేదన అర్థమైంది. అయినా మాట్లాడడం నేర్పే తరగతులను తక్కువ చేయవద్దని నా మనవి. నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఉద్యోగ నియామకాల విభాగం చూస్తున్నాను. పిల్లవాడికి నాయకత్వం ఎంత ఉన్నా, తొలి ఉద్యోగపు గడప దాటకపోతే దానిని చూపించే చోటే దొరకదు.

బృంద చర్చలో గట్టిగా, ఎక్కువసేపు మాట్లాడినవారే నెగ్గుతారని మన పిల్లలు అనుకుంటారు. పరిశీలకులు చూసేది వేరు. ఎదుటివారి మాటను పూర్తిగా విన్నాడా, మాట్లాడలేకపోతున్న వ్యక్తికి అవకాశం ఇచ్చాడా, చర్చ దారి తప్పినప్పుడు మళ్లీ విషయానికి తెచ్చాడా అన్నవే వారు రాసుకుంటారు. దీనిని నేర్పడానికి అభ్యాసం తప్ప వేరే మార్గం లేదు. అదీ ఇంగ్లీషులో చేయించాలి, ఎందుకంటే అక్కడ అడిగేది ఇంగ్లీషులోనే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో జీవన్ కౌశల్ పేరిట ఒక పాఠ్య ప్రణాళికను విడుదల చేసింది. అందులో భావ వ్యక్తీకరణ, వృత్తి నైపుణ్యాలు, నాయకత్వం-నిర్వహణ, మానవీయ విలువలు అనే నాలుగు భాగాలు ఉన్నాయి. చట్రం కోసం దానిని చూడండి. 40 గంటల్లో 15 గంటలైనా ఇంటర్వ్యూలకు, బృంద చర్చలకు కేటాయించాలని నా అభిప్రాయం.

కౌశిక ఒడ్డు | నవంబరు 9, ఉదయం 7.50

నాది అమలాపురం పక్కన ఒక ఊరు. కాకినాడలో డిగ్రీ, పీజీ చదివి ఇప్పుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 11 మంది ఉన్న బృందాన్ని నడుపుతున్నాను. పైన చెప్పినట్టు గడప దాటడానికి భాష కావాలి. నాకు అది అష్టకష్టాలతో వచ్చింది. దాటిన తరువాత నన్ను ముంచినది మాత్రం భాష కాదు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు నాకు ఐదుగురిని అప్పగించారు. అంతవరకు బాగా పని చేసేవాడినన్న పేరు ఉన్నందువల్ల, ఎవరి పని ఆలస్యమైనా రాత్రి కూర్చొని నేనే పూర్తి చేసేవాడిని. దానినే నాయకత్వం అనుకున్నాను. మూడు నెలల్లో రెండు పరిణామాలు కనిపించాయి. బృందంలోని వారు తమ పనిని తమదిగా భావించడం మానేశారు. నేనేమో గడువు తప్పబోతోందని తెలిసి కూడా పై అధికారికి చెప్పలేకపోయాను, ఎందుకంటే చెబితే నా చేతకానితనం బయటపడుతుందని భయం. గడువుకు రెండు రోజుల ముందు చెప్పాను. మూడు వారాల ముందే చెప్పి ఉంటే సర్దుకునేవారు. పని ఇచ్చిన క్లయింటుకు మా మీద నమ్మకం పోయింది, బృందంలో ఇద్దరు మానేశారు.

చెడు వార్తను ముందుగా, స్పష్టంగా, సాకులు లేకుండా చెప్పడం మన ఊళ్లలో ఎవరికీ నేర్పరు. నాన్నగారికి మార్కులు తగ్గిన సంగతి ఎంత ఆలస్యంగా చెబితే అంత మంచిదన్న అలవాటుతోనే పెరిగాము. అదే అలవాటు ఉద్యోగంలోకీ వెంట వస్తుంది. అందుచేత, మేడమ్, పిల్లలతో ఇది సాధన చేయించండి. ఒకరు అధికారి, ఒకరు బృంద నాయకుడు. పని ఎంతవరకు వచ్చింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, ఏమి సాయం కావాలి, కొత్త గడువు ఎప్పుడు అన్నది రెండు నిమిషాల్లో చెప్పాలి. మొదటిసారి అందరూ కారణాల దగ్గరే ఆగిపోతారు. నాలుగోసారికి గాని దారిలో పడరు.

పని అప్పగించడం కూడా అలాంటిదే. "ఆ సంగతి నువ్వు చూసుకో" అన్న మాటతో పని అప్పగించినట్టు కాదు. ఏమి కావాలి, ఎప్పటికి కావాలి, ఎంత ఖర్చు వరకు నిర్ణయం నీదే, ఏ పరిస్థితిలో నా దగ్గరకు రావాలి అన్నవి చెప్పి, విన్నవాడి చేత తిరిగి చెప్పించుకోవాలి. మీ వీడ్కోలు సభలో వంటవారికి ఇద్దరు రెండు అంకెలు చెప్పడం సరిగ్గా ఈ లోపమే.

భావ వ్యక్తీకరణ గురించి ఒక్క మాట చేరుస్తాను. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి నాకు బాగా ఉపయోగపడింది. అక్కడ ప్రతి సమావేశంలో ఒకరు సమయం చూస్తారు, ఒకరు వక్తలు మధ్యమధ్యలో దొర్లించే అనవసరపు పదాలను లెక్కిస్తారు, ఒకరు ప్రసంగాన్ని విశ్లేషిస్తారు. ఈ పాత్రలు ప్రతి సమావేశానికీ చేతులు మారతాయి. ఇది తెలుగులోనూ చక్కగా నడుస్తుంది, పైసా ఖర్చు ఉండదు.

విజ్జేశ్వరం లాకులు | నవంబరు 9, మధ్యాహ్నం 12.15

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పని చేసి పదవీ విరమణ పొందాను. మీ ప్రశ్న చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. మన డెల్టాలో నాయకత్వానికి పాఠశాల లేదనుకోవడం పొరపాటు. కాలువ గట్టు మీదే ఉంది.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించిన సంగతి పిల్లలందరికీ తెలుసు. ఆనకట్ట కట్టడం ఒక ఎత్తు, ఆ నీటిని మూడు డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరాలకు ఏటా తగవు లేకుండా పంచడం ఒక ఎత్తు. సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, సాధారణంగా ఇబ్బంది ఉండదు. దాళ్వాలో, అంటే రబీ పంటకు, గోదావరి తగ్గినప్పుడు వంతులు పెట్టవలసి వస్తుంది. ఎగువ రైతు తన తూము తెరిచి ఉంచుకుంటే శివారు రైతు చేను బీటలు వారుతుంది. ఇద్దరూ ఒకే కాలువ మనుషులు, చాలాసార్లు బంధువులు కూడా. 1997 నాటి చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. ఆయకట్టును నియోజకవర్గాలుగా విభజించి, రైతులే తమ సభ్యులను ఎన్నుకొనే పద్ధతి ఏర్పడింది. అన్ని సంఘాలూ ఒకే తీరుగా పని చేశాయని నేను అనను. బాగా పని చేసిన చోట కారణం ఏమిటో దగ్గరగా చూశాను.

ఒక దాళ్వాలో నీరు బాగా తక్కువగా ఉంది. వంతులు నిర్ణయించే సమావేశానికి ఎగువ వారు, దిగువ వారు అప్పటికే కోపంగా వచ్చారు. అధ్యక్షుడుగా ఉన్న రైతు పదో తరగతి దాకా చదివిన మనిషి. ఆయన సమావేశం మొదలుపెట్టలేదు. "ముందు ఒకసారి నడిచి వద్దాం రండి" అని అందరినీ వెంటబెట్టుకొని గట్టు వెంట నాలుగు కిలోమీటర్లు శివారు దాకా తీసుకువెళ్లాడు. ఎగువ రైతులు తమ నీరు ఎక్కడ ఆగిపోతోందో కళ్లారా చూశారు. శివారు రైతులకు తమ పిల్లకాలువలోనే గుర్రపుడెక్క పేరుకుపోయి ఉన్న సంగతి అందరి ముందు ఒప్పుకోక తప్పలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాక, మొదట శివారు వారినే మాట్లాడమన్నాడు. గంటలో వంతుల పట్టిక తయారైంది. దానిని అక్కడికక్కడే పెద్ద అక్షరాలతో రాయించి, లాకుల దగ్గర గోడకు అంటించారు. నిర్ణయానికి ముందు అందరి కంటికీ ఒకే వాస్తవం కనిపించేలా చేయడం, నష్టపోయేవారి మాట ముందుగా వినడం, నిర్ణయాన్ని దాచకుండా రాయడం ఏ మేనేజ్‌మెంట్ పాఠంలో ఉన్నా నేను నేర్చుకున్నది ఆయన దగ్గర.

మీ విద్యార్థులను ఒక సంఘం సమావేశానికి పంపండి. వారు మాట్లాడనవసరం లేదు. ఎవరు ఏమి అన్నారు, ఎవరు నోరు విప్పలేదు, ఏమి తీర్మానించారు, ఆ పని ఎవరి బాధ్యత, ఎప్పటికి పూర్తి కావాలి అన్నది రాసుకొని రావాలి. తీర్మానాల పుస్తకంలో ముందే సంతకాలు తీసుకొని, తరువాత తీరికగా తీర్మానం రాసుకునే దురలవాటు మన సమాజంలో ఎన్ని చోట్ల ఉన్నదో మీకు తెలుసు. చదువుకున్న పిల్లలైనా ఆ అలవాటుకు దూరంగా పెరగాలి.

బీకాం మూడో సంవత్సరం | నవంబరు 9, సాయంత్రం 6.40

మేడమ్ గారికి, పెద్దలందరికీ నమస్కారం. నేను తూర్పు డెల్టాలో ఒక కళాశాలలో చదువుతున్న విద్యార్థినిని. ఇలాంటి శిక్షణను నిరుడు పొందాను కాబట్టి ఒక విషయం చెప్పడానికి అనుమతించండి.

మా కళాశాలలో ఏ కార్యక్రమం జరిగినా అమ్మాయిలకు ప్రార్థన గీతం, స్వాగతం పలకడం, ముగ్గు, పుష్పగుచ్ఛాలు అందించడం అప్పగిస్తారు. డబ్బు లెక్క, అనుమతుల కోసం తిరగడం, వాహనం మాట్లాడడం, గొడవ వస్తే సర్ది చెప్పడం అబ్బాయిలు చేస్తారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అలా చేయరు. అయినా మూడేళ్లు గడిచేసరికి ఒకరికి ఉద్యోగంలో చెప్పుకోదగిన అనుభవం ఉంటుంది, మరొకరికి ఉండదు. ఎవరు ఏ బాధ్యత తీసుకోవాలో ఇష్టానికి వదిలేస్తే మా తరగతిలో మళ్లీ అదే జరుగుతుంది. దయచేసి చీటీలు తీయించండి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమె అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూ గారిని సైతం లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొన్నాకే పంపారు. ఆ ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. నాకు మాత్రం ఆ బాధ్యతను అంత చిన్న వయసు ఆడపిల్లకు అప్పగించినవారు కూడా గొప్పవారే అనిపిస్తుంది.

ఇంకొక సమస్య సమయం. సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే నాకు చీకటి పడేదాకా ఇంకొకటి లేదు. శిక్షణను తరగతుల తరువాత పెడితే సగం మంది అమ్మాయిలు రాలేరు.

చెరువు గట్టు | నవంబరు 9, రాత్రి 8.05

మా అబ్బాయి మీలాంటి కళాశాలలోనే రెండో ఏడు చదువుతున్నాడు. నాకు భీమవరం దగ్గర రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. తండ్రిగా అడుగుతున్నాను. అకౌంట్స్, ట్యాలీ, జీఎస్టీ గట్టిగా రాని పిల్లవాడికి నాయకత్వం నేర్పితే ఎవరు పిలిచి ఉద్యోగం ఇస్తారు? ఈ 40 గంటలు ఆ చదువులోంచి తగ్గించవద్దు.

మిగతావారి మాటలు చదివాక ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. వనామీ చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. మొన్న వేసవిలో ఒక రాత్రి నేను ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయింది, జనరేటరు ఎత్తుకోలేదు, ఏరేటర్లు ఆగిపోయాయి. మావాడు ముందు పక్క చెరువు రైతును లేపి జనరేటరు తెప్పించాడు, ఆ తరువాతే నాకు ఫోన్ చేశాడు. నాకు ముందు చేసి ఉంటే పావుగంట పోయేది, చెరువు దక్కేది కాదు. అది వాడికి ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఏడాదిగా రాత్రి కాపలాకు పంపినందువల్ల వచ్చింది.

సమాఖ్య పుస్తకం | నవంబరు 10, ఉదయం 6.30

నేను డ్వాక్రా సంఘంలో రెండో లీడరుగా చేశాను. ఇప్పుడు మా గ్రామ సమాఖ్యలో పుస్తకాలు రాస్తున్నాను. నా చదువు ఇంటరు వరకే, తప్పు రాస్తే మన్నించండి.

మాకు మొదటి రోజు నుంచి చెప్పేది పంచసూత్రాలు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదాలు సకాలంలో కట్టడం, పుస్తకాలు రాయడం. వినడానికి చిన్న మాటలే. సంఘంలో అందరికీ చదవడం రాదు కాబట్టి రాసిన ప్రతి అంకెనూ బిగ్గరగా చదివి వినిపించి, తరువాతే సంతకం గాని వేలిముద్ర గాని తీసుకుంటాము. దానివల్ల చదువు రానివారు కూడా తమ డబ్బు మీద ప్రశ్న అడుగుతారు.

ఒకసారి మా సంఘంలో ఒకామె మూడు వాయిదాలు కట్టలేదు. ఆమె వల్ల బ్యాంకు దగ్గర అందరి పేరూ చెడుతుంది కనుక సమావేశంలో అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆమె రావడమే మానేసింది. తరువాతి వారం నేను ఒక్కదాన్నే వాళ్లింటికి వెళ్లి కూర్చుంటే, భర్తకు జబ్బు చేసిన సంగతి తెలిసింది. ఆమె అనుమతి తీసుకొని సమావేశంలో చెప్పాను. చిన్న వాయిదాలుగా మార్చి పుస్తకంలో రాశాము. ఆలస్యమైనా అప్పు తీరింది. పది మందిలో అడగవలసిన మాట ఏది, ఇంటికి వెళ్లి అడగవలసిన మాట ఏది అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ పిల్లలు వస్తే మా పుస్తకాలు చూపిస్తాము. మా సభ్యుల సొంత అప్పుల వివరాలు మాత్రం చూపించము.

గోస్తనీతీరం | నవంబరు 12, రాత్రి 9.30

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు రోజులు ఆలోచించి ఒక ముసాయిదా తయారు చేశాను.

56 మందిని ఎనిమిదేసి మంది చొప్పున ఏడు జట్లుగా చేస్తాను. ప్రతి జట్టుకూ కళాశాలకు నిజంగా అవసరమైన ఒక పనిని అప్పగిస్తాము. ఒక జట్టు మొదటి సంవత్సరం వారి బస్‌పాస్ దరఖాస్తులు చూస్తుంది, ఒకటి రక్తదాన శిబిరం, ఒకటి వార్షికోత్సవ జమాఖర్చులు. మిగతావి పిల్లలే సూచించాలి. అధ్యక్షత, తీర్మానాలు రాయడం, డబ్బు లెక్క, సమయ పాలన రెండు వారాలకొకసారి చీటీ తీసి మారుస్తాము. తరగతులన్నీ ఉదయం వేళల్లోనే ఉంటాయి. అకౌంట్స్ పీరియడ్లను ముట్టుకోమని చెరువు గట్టు గారికి హామీ ఇస్తున్నాను. పైగా ఈ జట్ల లెక్కలు పిల్లలు ట్యాలీలోనే రాయాలి.

కాకినాడ ప్లేస్‌మెంట్స్ గారు 15 గంటలు అడిగారు. 12 ఇవ్వగలను, అదీ సెమిస్టరు చివరి భాగంలో. ఇంటర్వ్యూలో "మీరు ఒక కష్టమైన పరిస్థితిని ఎదుర్కొన్న సందర్భం చెప్పండి" అని అడిగితే మా పిల్లలు బట్టీ పట్టిన జవాబు చెబుతున్నారు. అప్పటికి వారి చేతిలో నిజంగా చేసిన పని ఉంటుంది కాబట్టి, దానినే ఇంగ్లీషులో చెప్పడం సాధన చేయిస్తాము.

నాకు తేలనిది మార్కుల సంగతి.

కాకినాడ ప్లేస్‌మెంట్స్ | నవంబరు 12, రాత్రి 10.10

12 గంటలు చాలు. నిజంగా చేసిన పని గురించి మాట్లాడే విద్యార్థిని ఎదుటివారు మూడో ప్రశ్నకే గుర్తుపడతారు, కాబట్టి ఈ వరుస నాకు సమ్మతమే. మార్కుల విషయంలో మాత్రం జాగ్రత్త. యాజమాన్యం ఫలితం అడుగుతుంది. ఎన్ని బస్‌పాసులు వచ్చాయి, ఎంతమంది రక్తం ఇచ్చారు అన్న అంకెలకు మార్కులు పెట్టడం సులువు, చూపించడానికీ బాగుంటుంది.

కౌశిక ఒడ్డు | నవంబరు 12, రాత్రి 10.45

అలా పెడితే ఏడు జట్లూ తేలిక పనులు ఎంచుకుంటాయి. పైగా అంకెలు తగ్గినప్పుడు దాచడం మొదలవుతుంది. నేను చేసిన తప్పే వారికి మార్కులు ఇచ్చి నేర్పినట్టు అవుతుంది. పని విఫలమైనా, ఆ సంగతిని ఏ తేదీన గుర్తించారు, ఎవరికి ఎప్పుడు చెప్పారు, తరువాత ఏమి మార్చారు అన్నది జట్టు రాసుకునే పుస్తకంలో ఉంటే పూర్తి మార్కులు ఇవ్వండి. పని బాగా జరిగి పుస్తకం ఖాళీగా ఉంటే ఇవ్వకండి. నెలకు ఒక శనివారం నేను ఆన్‌లైన్‌లో ఆ పుస్తకాలు చూసి ప్రతి జట్టుతోనూ అరగంట మాట్లాడతాను.

బీకాం మూడో సంవత్సరం | నవంబరు 13, ఉదయం 7.15

మేడమ్, కౌశిక ఒడ్డు అన్నయ్య గారు చెప్పిన పద్ధతి నాకు న్యాయంగా అనిపిస్తోంది. ఒక సందేహం ఉంది. జట్టులో ఒకరు పని చేయకపోతే పుస్తకంలో పేరు రాయాలా? స్నేహితుల మీద రాయడానికి ఎవరూ ఇష్టపడరు.

సమాఖ్య పుస్తకం | నవంబరు 13, ఉదయం 9.00

అమ్మాయీ, మనిషి మీద ఫిర్యాదు రాయవద్దు. "ఈ పని ఫలానా వారికి అప్పగించాము, ఈ తేదీకి పూర్తి కాలేదు, ఇప్పుడు ఫలానా వారు చేస్తారు" అని రాయండి. పని పూర్తి చేయనివారి ఎదుటనే చదివి వినిపించండి. మా సంఘంలో అంతే చేస్తాము.

విజ్జేశ్వరం లాకులు | నవంబరు 15, సాయంత్రం 5.20

అమ్మా, మీ కళాశాలకు దగ్గరలోని ఒక నీటి సంఘం వారితో మాట్లాడాను. దాళ్వా వంతుల మీద డిసెంబరు రెండో వారంలో కూర్చుంటారు. విద్యార్థులు వస్తే అభ్యంతరం లేదు గాని, 12 మందికి మించి వద్దన్నారు, ఎవరూ ఫోనులో వీడియో తీయకూడదన్నారు. ఉదయం 8 గంటలకు లాకుల దగ్గర కలుద్దాం. సమావేశానికి ముందు పిల్లలను గట్టు మీద కొంత దూరం నడిపిస్తాను. తిరుగు బస్సు 11.20కి ఉన్నదని డిపోలో కనుక్కున్నాను, కాబట్టి ఆడపిల్లల ఇళ్లలో ఆ సమయం చెప్పవచ్చు.

గోస్తనీతీరం | నవంబరు 16, రాత్రి 8.50

ధన్యవాదాలండీ, 12 మందినే తీసుకువస్తాను. ఈ రోజు తరగతిలో మొదటి చీటీలు తీయించాను. వార్షికోత్సవ జట్టు పుస్తకం రాసే పని ఇంతవరకు తరగతిలో ఎన్నడూ నోరు విప్పని అమ్మాయికి వచ్చింది. గంట కొట్టాక నా దగ్గరకు వచ్చి, తప్పు పోతే చెరిపేయవచ్చు కాబట్టి పెన్సిల్‌తో రాయవచ్చా అని అడిగింది. పెన్నుతోనే రాయమన్నాను. తప్పు పోతే దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన పొడి సంతకం చేసి, కింద సరైనది రాయాలని చూపించాను.